నవంబరులో వేసిన ఎరువు

పరంధామయ్య వెళ్లిపోతూ ఆ నారింజ చెట్టుకు ఎరువు ఎందుకు వేశాడు?

సెప్టెంబరు మొదట్లో వచ్చే లేబర్ డే దాటాక కుండీలో చెట్టుకు ఒక్క గింజ ఎరువు కూడా వేయకూడదని లూసీకి నేర్పినవాడే ఆయన. నేర్పడమంటే ఒకసారి చెప్పి ఊరుకోవడం కాదు. ప్రతి ఏడూ ఆ రోజు రాగానే ఎరువు డబ్బా మూత బిగించి, గరాజ్‌లో అన్నిటికంటే పై అరలో, ఆమె చేతికి అందనంత ఎత్తున పెట్టేవాడు. అలాంటి మనిషి నవంబరు నెలలో, గడ్డి మీద తెల్లగా మంచు పేరుకున్న వారంలో, ఆ డబ్బా దించాడు. ఎందుకు దించాడో లూసీకి ఇప్పటికీ తెలియదు. ఆమె దగ్గర విని రాసిన ఈ నాలుగు పేజీలకూ తెలియదు.

కూతురు షాలోమ్ ఫోన్‌లో, మరిచిపోయి ఉంటారు మమ్మీ, అంకుల్ ఓల్డ్ కదా, అంది. పాస్టరమ్మగారు అది కృతజ్ఞత అన్నారు. నర్సరీలో పనిచేసే తెల్లావిడ, ఇంట్లో వెచ్చగా ఉన్న చెట్టుకు కాస్త వేస్తే నష్టమేమీ లేదని ధైర్యం చెప్పింది. మూడూ జవాబులే. అవి లూసీ అడిగినదానికి జవాబులు కావు, అంతే.

లూసీది బాపట్ల దగ్గర పల్లె. ఆస్పత్రి లాబ్‌లో రక్తపరీక్షలు చేసే ఉద్యోగం మీద అమెరికా వచ్చి, రెండు మూడు ఊళ్లు తిరిగి, చివరికి బెంటన్‌విల్‌లో నిలబడింది. భర్త జోసఫ్ పోయి చాలా కాలమైంది. ఉన్న ఒక్క కూతురూ సియాటిల్‌లో ఉంటుంది. ఇంటి వెనక, దక్షిణం వైపున, జోసఫ్ కట్టించిన అద్దాల గది ఒకటుంది. ఆదివారాలు అక్కడ పుస్తకం పట్టుకుని కూర్చోవాలని కట్టించుకున్నాడు. అది పూర్తయ్యేసరికి ఆయనకు ఆదివారాలు ఎక్కువ మిగల్లేదు. ఆ తర్వాత ఆ గదిలోకి ఒక ఇస్త్రీ బల్ల చేరింది, మడత పెట్టని బట్టలు చేరాయి. ఎండ మాత్రం రోజూ వచ్చి, కాసేపు కూర్చుని వెళ్లిపోయేది.

ఇండియన్ స్టోర్‌లో కరివేపాకు కట్టలు పెట్టే ఫ్రిజ్ పక్కన ఒక బోర్డు ఉండేది. రూమ్మేట్ కావాలని, టిఫిన్ కారియర్ పంపుతామని, పిల్లల్ని చూసుకుంటామని ఎవరెవరో కాగితాలు అంటించేవారు. ఒక అక్టోబరులో వాటి మధ్య, పొందికైన తెలుగు అక్షరాలతో ఒక కాగితం కనిపించింది. చలికాలం మూడు కుండీలకు ఎండ తగిలే చోటు కావాలి, మనుషులకు అక్కర్లేదు, అని దాని మీద రాసి ఉంది. లూసీ అక్కడే నిలబడి నవ్వుకుంది. ఇంటికి వెళ్లి ఫోన్ చేసింది.

"మనుషులకు అక్కర్లేదని రాశారేంటండీ?"

"మనుషులకు అపార్ట్‌మెంట్ ఉన్నదండి. నార్త్ ఫేసింగ్," అంది అవతలి గొంతు. "చెట్లకే కష్టమైతున్నది."

ఆ శనివారం ఆయన వ్యాన్ అద్దెకు తీసుకుని వచ్చాడు. వెనక మూడు చెట్లు, కొమ్మలకు పాత దుప్పట్లు చుట్టి, ఆస్పత్రికి తెచ్చిన రోగుల్లా పడుకుని ఉన్నాయి. ఒకటి మన నిమ్మ. ఒకటి ఇక్కడి వాళ్లు మేయర్ లెమన్ అనే పసుపుపచ్చ నిమ్మ. మూడోది మనిషి ఎత్తున్న నారింజ, ఒళ్లంతా ముళ్లు, ఏ కొమ్మ ఎటు పోతోందో దానికే తెలియదు. దాన్ని దించేటప్పుడు మాత్రం ఆయన ఎవరి సాయమూ తీసుకోలేదు. లూసీ చెయ్యి వేయబోతే, "దానికి కొత్తవాళ్లంటే గుచ్చే అలవాటున్నది," అన్నాడు.

పరంధామయ్యకు అప్పటికే అరవై దగ్గర పడ్డాయి. ఊరు నల్లగొండ వైపు. తండ్రికి బత్తాయి తోట ఉండేది. బోర్లు ఒకదాని వెనక ఒకటి ఎండిపోతే చెట్లు నిలువునా ఎండిపోయాయి, తండ్రి వాటిని కొట్టించి వంటచెరుకుగా అమ్మాడు. అప్పటికి కాలేజీలో ఉన్న కొడుకు ఆ గొడ్డలి చప్పుడు వినలేక హైదరాబాద్‌లోనే ఉండిపోయి కంప్యూటర్ల చదువులో పడ్డాడు. రెండువేల సంవత్సరం రాబోతోందని కంపెనీలన్నీ హడలిపోయిన రోజుల్లో పాత ప్రోగ్రాములు బాగుచేయడానికి అమెరికా వచ్చాడు. ఆ హడావిడి చల్లారినా ఆయన మరమ్మతు చేసే పాత మెషిన్లు మాత్రం చావలేదు. ఎక్కడ పాత మెషిన్ మూలిగితే అక్కడికి కాంట్రాక్టు మీద వెళ్లేవాడు. షామ్‌బర్గ్‌లో ఎక్కువ కాలం ఉన్నాడు. మిగతా ఊళ్ల పేర్లు చెప్పేటప్పుడు ఏది ముందో ఏది వెనకో తడబడేవాడు. ఎక్కడా ఇల్లు కొనలేదు. ఎందుకు కొనలేదని లూసీ ఒకసారి అడిగితే, ఆయన నారింజ కుండీ వైపు గడ్డం ఊపాడు.

"భూమిల నాటితే భూమిది అయితది. కుండీల ఉంటే మనతోని వస్తది."

మొదటి చలికాలం గడిచాక కుండీలు తీసుకుపోతాడేమో అనుకుంది లూసీ. వసంతంలో వాటిని అద్దాల గదిలోంచి వెనక పాటియో చప్టా మీదికి జరిపారు, అంతే. అపార్ట్‌మెంట్ బాల్కనీలో ఎండ రాదు కదా అన్నాడు. రాదు కదా, అంది ఆమె కూడా. అలా చెట్లు ఉండిపోయాయి. వాటిని చూసుకోవడానికి శనివారం పొద్దున ఆయన రావడం అలవాటైంది. ఆమె ఆస్పత్రిలో ఉండే శనివారాల కోసం వెనక తలుపు తాళంచెవి ఒకటి ఇచ్చింది.

పరంధామయ్య ఎరువు అనేవాడు కాదు, తిండి అనేవాడు. తిండి పెట్టడానికి ఆయనకో పద్ధతి ఉండేది. ముందు కుండీకి నీళ్లు పోసి కాసేపు ఆగాలి. ఎండిన మట్టిలో ఎరువు వేస్తే వేళ్లు మాడతాయి. తర్వాత దగ్గుమందు సీసా మూతతో గింజలు కొలిచి, మొదలుకు దూరంగా, కుండీ అంచు చుట్టూ చల్లి, పాత ఫోర్క్‌తో మట్టిలో కలిపి, మళ్లీ నీళ్లు పోయాలి. వసంతం నుంచి ఎండాకాలం చివరిదాకా కొంచెం కొంచెంగా, తరచుగా. కుండీ అంచున తెల్లటి పొర కట్టిందంటే తిండి ఎక్కువైందని అర్థం. అప్పుడు బకెట్లకు బకెట్లు నీళ్లు పోసి, అడుగు కన్నాల్లోంచి పారేదాకా మట్టిని కడగాలి. ఆకులు ముదురుగా, ఈనెకూ ఈనెకూ మధ్య పచ్చగా ఉంటే చాలు, అడగకుండా పెట్టొద్దు. ఇక లేబర్ డే. ఆ రోజు దాటాక తిండి తింటే చెట్టు కొత్త చిగురు వేస్తుంది, లేత చిగురుకు చలి గురించి ఏం తెలుసు, మొదటి మంచుకే నల్లబడిపోతుంది.

ఇదంతా లూసీకి అర్థమైంది కానీ ఒంటబట్టలేదు. ఆమె జీవితమంతా ఇంటికొచ్చిన మనిషికి కడుపు నిండా పెట్టి పంపిన మనిషి. ఆకులు కాస్త వాడినట్టు కనిపిస్తే చేతులు ఊరుకోవు. బియ్యం కడిగిన నీళ్లు, కోడిగుడ్డు పెంకులు, వాడేసిన టీ పొడి, చేపలు కడిగిన నీళ్లు కూడా ఆయనకు తెలియకుండా కుండీలకు చేరేవి. శనివారం ఆయన వచ్చి మట్టి వాసన చూసి, ఈ వారం పులుసు ఏం చేపతో పెట్టారని అడిగేవాడు. "ఊకె తినపెడితే పెరగదండి. ఆకలి అయినంక పెడితే పెరుగుతది," అనేవాడు. ఆమె టీ కప్పు చేతికిచ్చి, మరి మీకు ఆకలైందో లేదో అడక్కుండా నేను టిఫిన్ పెట్టట్లేదా, అనేది. ఆయన పెసరట్టు ముందుకు లాక్కునేవాడు.

ఇలా కొన్నేళ్లు జరిగాయి. ఏమీ జరగలేదు అని కూడా చెప్పొచ్చు. ఆయన కారు మలుపు తిరిగిన చప్పుడు లూసీకి వంటింట్లోంచే తెలిసేది. తాను రిటైరయ్యాక వారంలో మిగతా రోజులకు ఆమె దగ్గర పేర్లు లేకుండా పోయాయి. శనివారానికి ముందు, శనివారం తర్వాత, అంతే. ఎవరికీ చెప్పలేదు.

లూసీ వాళ్ల తెలుగు చర్చికి సొంత భవనం లేదు. అమెరికన్ చర్చి వాళ్ల ఆరాధన అయ్యాక, ఆదివారం మధ్యాహ్నం, వాళ్ల హాలు అద్దెకు తీసుకుంటారు. నెల మొదటి ఆదివారం, రొట్టె, ద్రాక్షరసం పంచుకునే ప్రభువు బల్ల ఉంటుంది. బల్లలో మిగిలిన ద్రాక్షరసం సింక్‌లో పారబోయకూడదని, మట్టిలో పోయాలని పాస్టరమ్మగారి పట్టింపు. ఆ హాలు చుట్టూ ఎటు చూసినా పార్కింగ్ తారే, మట్టి లేదు. ఇంట్లో చెట్లున్నది లూసీ ఒక్కర్తే కాబట్టి, ఒక చలికాలం నుంచి ఆ మిగిలిన రసం జగ్గు ఆమెకు అప్పగించారు.

లూసీ దాన్ని ఎంతో భక్తిగా తెచ్చి, మూడు కుండీల్లోనూ నారింజనే ఎంచుకుని, దాని మొదట్లో పోసేది. నిమ్మలకు అప్పటికే కాపు ఉంది. నారింజే ఇన్నేళ్లయినా పూత మొహం చూడలేదు. ఈ రసంతోనైనా దాని గొడ్డుతనం పోతుందేమో అని ఒక మూల ఆశ. ఆయనకు చెప్పలేదు. చలికాలం తిండి నిషేధం కదా. అయితే ఇది తిండి కాదు, బల్ల, అని మనసుకు సర్దిచెప్పుకుంది.

మార్చిలో చీమలు పట్టాయి. నేల పలకల మీదుగా ఒక బారు, కుండీ మీదుగా, మొదలు మీదుగా, కొమ్మలదాకా. కొమ్మల మీద గోధుమరంగు పొలుసు పురుగులు అంటుకున్నాయి. ఆకులన్నీ జిగురు, జిగురు మీద మసి. పరంధామయ్య ఒక పిడికెడు మట్టి తీసి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. ద్రాక్ష వాసన వస్తోందన్నాడు. తీపి పోస్తే చీమలొస్తాయి, చీమలు వస్తే ఈ పురుగుల్ని పాడిపశువుల్లా మేపుకుంటాయి, అన్నాడు. కోపంగా అనలేదు. అదే లూసీకి ఎక్కువ కష్టమనిపించింది. నిలబడి మొత్తం చెప్పింది, జగ్గు సంగతి, పాస్టరమ్మ పట్టింపు సంగతి, తన ఆశ సంగతి కూడా.

ఆయన అంతా విన్నాడు. ఆచారం ఏమిటో అడిగి తెలుసుకున్నాడు. ఆ రసం అందరూ తాగొచ్చా అని అడిగాడు. బాప్తిస్మం తీసుకున్నవాళ్లే బల్లలో పాలు పొందాలని చెప్పింది.

"నా చెట్టు తీసుకోలేదు కదండి బాప్తిస్మం?"

"లేదు."

"అందుకే చీమలు పట్టినయి," అన్నాడు.

లూసీకి ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. ఆయన అప్పటికే బకెట్ కోసం చూస్తున్నాడు.

ఆ వసంతమంతా ఆ చెట్టు పనే. మొదట కుండీని కడిగారు, తీపి వాసన పోయేదాకా. తర్వాత సబ్బు నీళ్లలో గుడ్డ ముంచి ఒక్కో ఆకూ తుడవడం. ఇటు ఆమె, అటు ఆయన, మధ్యలో ముళ్లు. తుడిచి వెళ్తే మరుసటి వారానికి మళ్లీ జిగురు. శనివారం ఒక్కటే సరిపోక ఆయన ఆఫీస్ అయ్యాక కూడా రావడం మొదలుపెట్టాడు. ఆకుల మధ్య నుంచి ఆయన మొహం ముక్కలు ముక్కలుగా కనిపించేది. అలా కనిపించడం వల్లనో ఏమో, ఆయన మాటలు కూడా ఆ రోజుల్లో కాస్త ఎక్కువ వచ్చాయి.

ఒక సాయంత్రం ఆకు తుడుస్తూనే చెప్పాడు. ఆ నారింజ గింజ నాటింది ఆయన కాదు, ఆయన భార్య లక్ష్మీకాంతం. షామ్‌బర్గ్‌లో మెక్సికన్ దుకాణంలో నారింజకాయలు కనిపిస్తే ఆమె చిన్నపిల్లలా ఎగిరి గంతేసిందట. పులిహోర కలిపి, ఆయన గింజలు పారేయబోతే ఆపి, పెరుగు కప్పుల్లో మట్టి నింపి గుచ్చింది. ఒక్కటే మొలిచింది. అది రెండాకులు వేసిన ఏడు ఆమె గుండెపోటుతో పోయింది. పిల్లలు లేరు.

"గింజ నుంచి వస్తే కాపుకు చాన ఏండ్లు పడతదని ఆమెకు తెల్వదు," అన్నాడు పరంధామయ్య. "వచ్చే ఏడు కాస్తదనుకున్నది."

లూసీ తన చేతిలోని ఆకు తుడవడం ఆపలేదు. ఆ ఆకు ఎప్పుడో శుభ్రమైంది. ఇన్నేళ్లూ తాను అన్నం పెట్టి పెంచినట్టు పెంచుకున్నది ఇంకొకామె బిడ్డనని తెలిసింది. చిత్రంగా, కోపం రాలేదు. చూడని ఆ మనిషి పక్కన కూర్చోవాలనిపించింది. శుభ్రమైన ఆకులు చూసి ఆయన ఎప్పుడూ వేసేదాంట్లో సగం మూత తిండి పెట్టాడు. మంచం మీంచి లేచిన మనిషికి జావ పోసినట్టు.

మే నెలలో నారింజ పూసింది.

పొద్దున్నే తలుపు తెరిస్తే వాసన ఇంట్లోకి తోసుకొచ్చింది. లూసీ శనివారం దాకా ఆగలేక ఫోన్ చేసింది. ఆయన ఆఫీస్ టైమ్‌లో వచ్చి, బ్యాడ్జీ మెడలోనే వేలాడుతుండగా, ఆ చెట్టు చుట్టూ తిరిగి ఒక్కో కొమ్మా చూశాడు. వెళ్లేటప్పుడు మెట్టు తప్పి తూలాడు.

పూత చాలావరకు రాలింది. పిందెలూ రాలాయి. ఒక్క కాయ నిలిచింది. ఆగస్టుకి టెన్నిస్ బంతంత అయింది. తొలి కాపు దేవునికి ఇవ్వడం లూసీ వాళ్ల ఆనవాయితీ. నవంబరులో చర్చిలో కోత పండుగ చేస్తారు, ఎవరింట్లో పండింది వాళ్లు తెచ్చి బల్ల మీద పెడతారు, ప్రార్థన అయ్యాక వేలం పాడతారు. ఇక్కడ పండేదేముంది, చాలామంది సొరకాయలు, పచ్చిమిరపకాయలు, అవీ లేనివాళ్లు దుకాణంలో కొన్న బియ్యం సంచి. లూసీ ఎన్నాళ్లనుంచో తన చేతి కాయ ఒకటి ఆ బల్ల మీద పెట్టాలనుకుంది. అది తన చేతి కాయ అనడానికి ఇప్పుడు నోరు రావట్లేదు. ఆయన్నే అడిగింది.

"మీ దేవునికి పుల్లటిది ఇస్తరా?" అన్నాడు.

"ఆయనకి పులుపు కొత్త కాదులెండి. సిలువ మీద తాగడానికి పుల్లటి చిరకే ఇచ్చారు."

పరంధామయ్య కాయను అరచేతిలో ఎత్తి పట్టుకుని, బరువు చూసి, వదిలాడు. "సరే ఇద్దాం. నేను కూడ వస్త చర్చికి. వేలంల నేనే పాడి కొనుక్కుంట. కోసేటప్పుడు మాత్రం నేను ఉండాలె."

ఆ మాట లూసీ ఎంతో జాగ్రత్తగా దాచుకుంది. ఆయన ఆ హాల్లో, తన పక్క కుర్చీలో కూర్చుంటాడు. అందరూ చూస్తారు. చూడనీ.

సెప్టెంబరులో ఆయన కాంట్రాక్టు ఆగింది. ఎక్స్‌టెన్షన్ రాలేదండి అని, ఎరువు డబ్బా పై అరలో పెడుతూ, వాతావరణం సంగతి చెప్పినట్టు చెప్పాడు. టెక్సస్‌లో, కాపెల్‌లో ఒక ప్రాజెక్టు ఉందట. ఇక్కడే ఇంకేదైనా దొరుకుతుందేమో చూస్తున్నానన్నాడు. ఆ తర్వాత, చెట్లను తీసుకుపోవడానికి వీల్లేదు, అన్నాడు. నిమ్మజాతి చెట్టు ఏదైనా సరే, కుండీతో సహా, వేరే రాష్ట్రం నుంచి టెక్సస్‌లోకి తేనివ్వరు. అక్కడి తోటలకు తెగుళ్లు వస్తాయని. కనుక్కున్నాడట.

లూసీ లోపల ఒక సంతోషం లేచింది. లేచిన వెంటనే సిగ్గు వేసింది కానీ, సంతోషం కూర్చోలేదు. ఈ చెట్టును వదిలి ఆయన పోలేడు. ఇన్ని ఊళ్లు మారినా దుప్పటి చుట్టి మోసుకొచ్చినవాడు, లక్ష్మీకాంతం చేతి గింజను వదిలి ఎలా పోతాడు? పోలేడు కాబట్టి ఇక్కడే ఏదో చూసుకుంటాడు. ఆ అక్టోబరంతా ఆమె ఆ లెక్క మీదే బతికింది. తన తరఫున వాదించడానికి ఒక చనిపోయిన మనిషిని నిలబెట్టానని తెలుసు. ఒక రాత్రి మోకరించినప్పుడు లక్ష్మీకాంతం పేరు కూడా ప్రార్థనలో పలికింది.

చలి ముదిరింది. కాయ పసుపు తిరిగింది. ఒక శనివారం ఆయన టిఫిన్ తిన్నాక ప్లేటు తానే కడిగి, చేతులు తుడుచుకుంటూ, కాపెల్ వాళ్లు ఓకే అన్నారన్నాడు. కోత పండుగ అయిన మర్నాడే చేరాలి. ఆదివారం పండుగ చూసుకుని, అటునుంచి అటే సాయంత్రం డ్రైవ్ చేసుకుంటూ పోతానన్నాడు.

తర్వాత ఇద్దరూ అద్దాల గదిలోకి వెళ్లారు. నారింజ ఆకుల మీద ఎండ పడుతోంది. ఆయన చెట్టు వైపే చూస్తూ అడిగాడు.

"ఉంచుకుంటరా?"

లూసీ నోటిదాకా వచ్చిన మాట వేరు. ముందు గది ఖాళీగానే ఉంది. పాత మెషిన్లు ఇంట్లో కూర్చుని కూడా బాగుచేస్తారట కదా. అంత కూడా అక్కర్లేదు, మీరు కూడా ఉండండి అంటే చాలు. చర్చిలో ఏమంటారో, షాలోమ్ ఏమంటుందో అని ఆగలేదు. ఆ వయసులో ఆ భయాలు పెద్దవి కావు. ఆయన కాదంటే, జరిగిపోయిన శనివారాలు కూడా పోతాయని భయం వేసింది.

"ఉంచుకుంటానండీ," అంది.

ఆయన తల ఊపాడు. ఇంకేదో వినడానికి నిలబడినట్టు ఒక క్షణం నిలబడ్డాడు. లేక నిలబడ్డాడని ఆమె తర్వాత అనుకుంది. "ఆదివారం పొద్దున వస్త. కత్తెర తేకండి, నా దగ్గరున్నది," అని వెళ్లిపోయాడు.

పండుగ ముందు రోజు, శనివారం, హాలు అలంకరించడానికి లూసీని రమ్మన్నారు. రిటైరయ్యాక మొదటిసారి శనివారం ఆమె ఇంట్లో లేదు. వెళ్లేముందు పెసరట్టు పిండి ఫ్రిజ్‌లో పెట్టి, ఆయనకు మెసేజ్ పెట్టింది, తాళంచెవి మీ దగ్గరుంది కదా, మధ్యాహ్నానికి వచ్చేస్తాను, తిని వెళ్లండి అని. సరేనండి అని జవాబొచ్చింది. హాల్లో గుమ్మడికాయలు, మొక్కజొన్న కంకులు సర్దుతూ, బల్ల మధ్యలో ఒక పళ్లెం పెట్టడానికి జాగా ఉంచింది. దేనికని పాస్టరమ్మగారు అడిగితే, రేపు చూద్దురుగాని అంది. ఇంటికి వెళ్లే దారిలో ఒక్కర్తే పాట పాడుకుంది.

వీధి మొదట్లో మలుపు తిరిగేసరికి, ఆ చివర ఆయన బూడిదరంగు కారు కనిపించింది. హైవే వైపు సిగ్నల్ వేసి ఆగి ఉంది. వెనక అద్దం నిండా దిండ్లు, హ్యాంగర్లకు చొక్కాలు. రేపటి కోసం ఇప్పుడే సర్దుకున్నాడు కాబోలు, దుకాణానికి వెళ్లి వస్తాడు కాబోలు అనుకుంది. హారన్ కొట్టబోయి, వీధిలో బాగుండదని ఊరుకుంది. కారు తిరిగి వెళ్లిపోయింది.

వెనక తలుపు తాళం వేసి ఉంది. తాళంచెవి తలుపు కింది సందులోంచి లోపలికి తోసి ఉంది, కాలికి తగిలింది. అద్దాల గదిలో చిన్న కుండీలు రెండూ గోడ వైపుకు జరిగి ఉన్నాయి. నారింజ కుండీ అన్నిటికంటే ఎక్కువ ఎండ తగిలే మూలకు, జోసఫ్ పుస్తకం కోసం వేసుకున్న కుర్చీ పక్కకు, జరిగి ఉంది. అంత బరువు ఒక్కడే ఎలా జరిపాడో. కాయ చెట్టు మీదే ఉంది. దాని కాడ దగ్గర ఆయన కత్తెర, పిడి ఇప్పుడు ఆమె కూర్చునే ఆ కుర్చీ వైపు తిప్పి, కొమ్మకు తగిలించి ఉంది.

మట్టి తడిగా ఉంది. నీళ్లు ఇంకా అడుగు కన్నాల్లోంచి పళ్లెంలోకి దిగుతున్నాయి. కుండీ అంచు చుట్టూ ఫోర్క్ గీతలు, గీతల్లో సగం కరిగిన ఎరువు గింజలు. లూసీ వంగి ఒకటి వేళ్ల మధ్య తీసుకుంది. నవంబరులో. లేబర్ డే దాటి ఎంత కాలమైందో ఆయనకు తెలియదా?

గరాజ్‌లోకి వెళ్లి చూసింది. పై అర ఖాళీగా ఉంది. ఎరువు డబ్బా అన్నిటికంటే కింది అరలో, ఆమె చెయ్యి చాచకుండానే అందేంత దగ్గరగా ఉంది. మూత మీద దగ్గుమందు సీసా మూత, బోర్లించి.

ఫోన్ చేసింది. మోగింది. మోగుతూనే ఉంది. ఫోన్ చెవి దగ్గర అలాగే పెట్టుకుని, వీధి తలుపు తెరుచుకుని బయటికి వచ్చింది. ఎవరింటి ముందో ఆకులు ఊడ్చే మెషిన్ చప్పుడు చేస్తోంది. వీధి చివర, సిగ్నల్ వేసి కారు ఆగిన చోట, ఏమీ లేదు.